ఆరు పేర్లు, మూడు దీవులు

మా ఇంట్లో కరెంటు పోయిన ప్రతిసారీ మా అమ్మ ఒకటే అడుగుతుంది. "అందరికి పోయిందా, నాకేనా?"

మొదటిసారి అడిగినప్పుడు నవ్వాను. వనపర్తిలో కరెంటు పోవడం కూడా ఒక వింతేనా? "అందరికీ పోయిందమ్మా" అన్నాను. "అయితే మంచిదే" అని వక్క ముక్క నోట్లో వేసుకుంది. నాగర్‌కర్నూల్‌లో కంటి డాక్టరు ముందు కూర్చున్న రోజు నుంచి మాత్రం ఆ ప్రశ్నకు నవ్వడం మానేశాను.

నీటికాసులు, అంటే గ్లకోమా, అన్నాడు డాక్టరు. పోయిన చూపు తిరిగి రాదట, ఉన్నదాన్ని చుక్కల మందుతో కాపాడుకోవాలట. ఎన్నాళ్లు కాపాడుకోగలమని అడిగితే ఏడాది కావచ్చు, రెండేళ్లు కావచ్చు, చెప్పలేమన్నాడు. అమ్మ మాత్రం ఆ జబ్బు పేరు దగ్గరే ఆగిపోయింది.

"పెండ్లయి వచ్చినకాడికెల్లి సుట్టూర నీళ్లే. ఇప్పుడు కంట్ల గూడ నీళ్లేనా సారూ?" అంది. డాక్టరుకు అర్థం కాలేదు. నాకు అర్థమైంది, అందుకే ఏడుపొచ్చింది.

మాది గద్వాల దగ్గర కృష్ణ నడుమ ఉన్న ఒక చిన్న ఊరు. చుట్టూ నది, మధ్యలో మేము. దీవి అనే మాట మేము బడి పుస్తకంలో చదువుకున్నాం కానీ ఇంట్లో దాన్ని గడ్డ అనే అన్నాం. ఉప్పు కావాలన్నా, అగ్గిపెట్టె కావాలన్నా పుట్టి ఎక్కి ఆవలికి పోవాల్సిందే. పుట్టి అంటే గుండ్రటి బుట్ట పడవ. ఎక్కినవాళ్లు గుడ్లు పొదిగే కోడిలా కదలకుండా కూర్చోవాలి. పైన ప్రాజెక్టు గేట్లు ఎత్తితే ఆ బుట్ట కూడా కదలదు. అప్పుడు ఊరంతటికీ ఒకటే సమాధానం, నీళ్లు దిగినంక.

మా నాయన నోట ఆ మాట వినని రోజు లేదు. చీర కొనివ్వమంటే నీళ్లు దిగినంక. పంటికి మందు తెమ్మంటే నీళ్లు దిగినంక. నా పెళ్లి ముహూర్తం పెట్టింది పంతులు కాదు, ప్రాజెక్టు గేట్లే. పదో తరగతి పరీక్షకు ఆవలి గట్టున నా నెంబరు కుర్చీ ఖాళీగా ఉందని తెలిసి కూడా ఈ గట్టున కూర్చుని నీళ్లను తిట్టుకున్నదాన్ని నేను. అది ఎండాకాలమే, కానీ ఎవరి పొలాలకో నీళ్లు వదిలారు. నాకు పరీక్షలు పోయాయి. ఆ మాట ఇప్పటికీ చెవిన పడితే ఒళ్లు మండుతుంది.

ఆ గడ్డను వదిలి అమ్మ మా ఇంటికి వచ్చి ఐదారేళ్లయింది. ఒకరోజు మధ్యాహ్నం నా ఫోన్‌లో ఏదో వీడియో వస్తుంటే అమ్మ మెడ తిప్పి, తలను అటూ ఇటూ జరిపి, చూపు నిలిచే చోట ఫోన్‌ను పట్టుకుని చూసింది. సముద్రం, నడుమ దీవి, కొబ్బరిచెట్ల కింద కాళ్లు చాపుకుని పడుకున్న జనం.

"వీళ్లేంది, నీళ్లు దిగుతయని సూస్తున్నరా?"

"కాదమ్మా. సెలవులకు పోయిండ్రు. కావాలనే పోయిండ్రు."

"పైసలు వెట్టి గడ్డ మీదికి పోతరా?" అమ్మ ఎంతసేపు నవ్విందో! వక్క గొంతుకు అడ్డం పడి దగ్గేదాకా నవ్వింది. నవ్వు ఆగాక నెమ్మదిగా అంది, "మన కృష్ణ నీళ్లు యాడికి పోతయే?"

"సముద్రంలకు."

"నన్ను యాభై ఏండ్లు కదలకుంట ఆపిన నీళ్లు. యాడికి పోయి పడ్తయో ఒక్కపారి సూడాలె బిడ్డా. ఇంత కన్ను ఉన్నప్పుడే."

మా అమ్మ జన్మలో తనకు ఏదైనా కావాలని నన్ను అడగడం అదే మొదలు. అండమాన్ పోదామని ఆ పూటే నిర్ణయించుకున్నాను. సముద్రమూ కనిపిస్తుంది, ఇష్టపడి గడ్డ మీదికి వచ్చే జనమూ కనిపిస్తారు. చేసిన తప్పేమిటంటే ఆ సాయంత్రమే మా ఆయనకు చెప్పడం.

మా ఆయన ఒక ఆఫీసులో సూపరింటెండెంటుగా చేసి రిటైరైన మనిషి. వాకబు చేయకుండా ఆయన గోపాల్‌పేట కూడా పోడు. వనపర్తి నుంచి గోపాల్‌పేటకు ఎంత దూరమని? అయినా ముగ్గురిని అడగాలి, ముగ్గురూ మూడు మాటలు చెప్పాలి, ఈయన ఆ మూడింటినీ తెల్లకాగితం మీద మార్జిన్ కొట్టి రాసుకోవాలి. దీవులనే సరికి ఆయనకు పండగే అయింది. "ఊరికె పోవుడు గాదు, ప్లానింగ్ ఉండాలె. లోకల్ ఎక్స్‌పర్టులను అడుగుదాం" అన్నాడు. లోకల్ అంటే అండమాన్ లోకల్ అనుకున్నాను. కాదు, గద్వాల లోకల్.

మొదటి ఎక్స్‌పర్టు మా మరిది. గద్వాలలో విత్తనాలు, పురుగుమందుల దుకాణం. సరుకు బాగా అమ్మినందుకు కంపెనీవాళ్లు డీలర్లందరినీ మూటగట్టి ఏడాదికొక దేశం తిప్పుతారు. అలా మూడు నాలుగు దీవులు చూసొచ్చానని అతని మాట. ఫోన్ తీసి ఫోటోలు చూపించాడు. మొదటిది పళ్లెంలో రొయ్యలు. రెండోది పళ్లెంలో కోడి. తర్వాతది మీటింగు హాల్లో బ్యానరు కింద నలభై మంది డీలర్లు. సముద్రమేదయ్యా అంటే ఒక కిటికీ అద్దం చూపించాడు. అందులో సగం అతని మొహమే ఉంది.

"వదినా, దీవి అంటె ఏమనుకున్నవు? ఏసీ రూము, బఫే. బయట ఏముంటది, ఉక్కపోత" అన్నాడు. అంతటితో ఆగినా బాగుండేది. "అన్నా, హేవ్‌లాక్ గూడ వెట్టు గాని ఆడ రద్దీ ఎక్కువ. స్వరాజ్ ద్వీప్ నెమ్మదిగుంటది. నా ఓటు స్వరాజ్‌కే" అని తీర్పిచ్చాడు. మా ఆయన కాగితం మీద స్వరాజ్ ద్వీప్ పక్కన రెండు చుక్కలు పెట్టుకున్నాడు.

రెండో ఎక్స్‌పర్టు గద్వాలలోనే ఒక ట్రావెల్స్ ఆయన. అతనిది శబరిమల, తిరుపతి, షిరిడీ బస్సుల వ్యాపారం. కొత్తగా బోర్డు మీద ఒక విమానం బొమ్మ కూడా వేయించుకున్నాడు. నేనూ పోయాను. మా ఆయన తన కాగితం చదివాడు. పోర్ట్ బ్లెయిర్, శ్రీవిజయపురం, హేవ్‌లాక్, స్వరాజ్ ద్వీప్, నీల్, షహీద్ ద్వీప్. మొత్తం ఆరు దీవులు, దీవికి రెండు రోజులు, పన్నెండు రోజుల యాత్ర. ఒక్కో దీవి నుంచి మరో దీవికి పడవ.

ట్రావెల్స్ ఆయన కళ్లు మూసుకుని విని, తల ఊపాడు. "సూపర్ ప్లాన్ సార్. రూట్ మంచిగున్నది. జర ఒక్క డౌటు. ఈ దీవుల మీద గుళ్లేమన్న ఉన్నయా? మనోళ్లు గుడి లేకపోతె పరేషాన్ అయితరు."

"అదంత నేను చూసుకుంట. హేవ్‌లాక్‌కెల్లి స్వరాజ్ ద్వీప్‌కు పడవల ఎంతసేపు?" అని మా ఆయన అడిగాడు.

"రెండు గంటలు సార్. నడుమల డాల్ఫిన్లు గూడ కనిపిస్తయి."

మా ఆయన డాల్ఫిన్లు అని రాసుకుని కింద గీత గీశాడు. చెప్పేవాడికి వినేవాడు లోకువ అని ఊరికే అన్నారా?

ఇంటికొచ్చాక ఆ ట్రావెల్స్ ఆయనే ఫోన్ చేసి, పెద్దావిడకు ఏమైనా సందేహాలుంటే అడగమన్నాడు. స్పీకర్ పెట్టి ఇచ్చాను. అమ్మ ఫోన్ దగ్గరికి వంగి, గడ్డ మీద యాభై ఏళ్లు బతికిన మనిషి అడగాల్సినవే అడిగింది. "అయ్యా, ఆడ వరదొస్తె ఉప్పు ఎవలు తెస్తరు? నొప్పులొస్తె మంత్రసాని ఆ గడ్డ మీదనే ఉంటదా, ఆవలికెల్లి రావాల్నా? పీనుగ లేస్తె యాడ కాలవెడ్తరు?"

అవతల ఏవో కాగితాలు తిప్పిన చప్పుడు. తర్వాత, "అమ్మా, హోటల్ల బ్రేక్‌ఫాస్టు ఫ్రీ" అన్న మాట వినిపించింది.

మా ఆయన ఫోన్ లాక్కున్నాడు. "అత్తమ్మా, గివన్ని టూరిస్టులు అడగరు" అని విసుక్కున్నాడు. దీవుల సంగతి ఊరంతా తిరిగి అడిగిన మనిషి, దీవి మీద బతికిన మనిషిని మాత్రం నోరు మూసుకొమ్మన్నాడు. తాతకు దగ్గులు నేర్పడమంటే ఇదే. నేనప్పుడే గట్టిగా అనాల్సింది. అనలేదు. ప్లాను ఎలాగూ కదులుతోంది కదా, ఇప్పుడు గొడవెందుకని ఊరుకున్నాను.

కానీ ప్లాను కదలలేదు, పెరిగింది. ఒక చార్టు కొనుక్కొచ్చి ఆరు దీవులను ఆరు రంగుల్లో రాసి హాల్లో గోడకు అంటించాడు. పంతులు గారిని అడిగితే ప్రయాణానికి ఈ నెల మంచిది కాదన్నారు. మరిదిని అడిగితే పై నెల కంపెనీ మీటింగుంది, తను లేకుండా పోవద్దన్నాడు. ట్రావెల్స్ ఆయన అయ్యప్పల సీజను అయ్యాక చూద్దామన్నాడు. ప్రతి ఆదివారం చార్టు మీద ఒక బాణం గుర్తు పెరిగింది. ఇటు అమ్మ ప్రశ్నలూ పెరిగాయి. చెంబు పక్కనే ఉంటే చెంబేదని అడిగేది. ఒకరోజు గడప దగ్గర నిలబడి, "ఎట్లున్నదో తెలుసా బిడ్డా? అంచులు మునిగినయి. నడుమ గడ్డ మిగిలింది. గడ్డ మీద నువ్వు కనవడ్తున్నవు, గంతే" అంది.

అప్పుడొచ్చింది అసలు ఎక్స్‌పర్టు. మా పక్క స్థలంలో ఇల్లు లేస్తోంది. అక్కడ ఇసుక జల్లెడపట్టే ఒకామెది గట్టు మండలం. మధ్యాహ్నం మా ఇంటికి వచ్చి చల్లటి నీళ్లు అడిగి తాగుతుంది. ఆ రోజు నేను చార్టు దగ్గర నిలబడి అమ్మకు ప్లాను చదివి వినిపిస్తున్నాను. "మూడో దినం పొద్దున ఆరింటికి హేవ్‌లాక్ నుంచి పడవ, ఎనిమిదింటికి స్వరాజ్ ద్వీప్..."

ఆమె చెంబు దించి పకపకా నవ్వింది. "ఏం పడవమ్మా అది? ఎక్కినకాడనే దిగుతరా?"

"ఏమైంది?"

"హేవలాకు, సొరాజ్ దీపు ఒక్కటే గదమ్మా! పేరు మార్చిన్రు. నీలు అన్నా షహీదు అన్నా ఒక్కటే. బ్లేరుకు గూడ కొత్త పేరు వెట్టిన్రంట, మొన్న మా మేస్త్రి చెప్పిండు. మీ సారు ఒక్కొక్క దానికి రెండుపార్లు రాసిండు."

"నీకెట్ల తెలుసు?"

"మూడేండ్లు ఆడనే రోడ్డు పనికి పోయినం, నేను, మా ఆయన. కొత్త పేరు బోర్డు పాతిన్రు గద, దానికి గుంత తవ్వింది నేనే" అని చీర కొంగుతో మూతి తుడుచుకుంది.

నవ్వాలో ఏడవాలో తెలియక చార్టు వంక చూశాను. రెండు నెలల వాకబు, ముగ్గురు ఎక్స్‌పర్టులు, ఆరు రంగుల పెన్నులు. చివరికి బయలుదేరిన దీవికే రెండు గంటలు ప్రయాణం చేసి, దారిలో డాల్ఫిన్లు కూడా చూసేవాళ్లం. అమ్మ మాత్రం ఆమెను చేయి పట్టుకుని తన పక్కన కూర్చోబెట్టుకుంది. గడ్డ మీద బతికినవాళ్లు ఇద్దరూ మాట్లాడుకుంటుంటే వినాలి! ఉప్పు పడవలో వస్తుందట. గాలి లేస్తే పడవలు ఆపేస్తారట. కాన్పుకు పెద్ద దీవికే తీసుకుపోవాలట. "మా లెక్కనే!" అని అమ్మ ప్రతి మాటకూ మురిసిపోయింది.

"పొద్దున పడవకే ఎక్కున్రి. పడవల నడుమ కూసోవాలె, ముందల కూసుంటె కక్కుకుంటరు. పెద్దమ్మను హేవలాకుకు తోలుకపోండ్రి. నీలుల రాళ్లు కాలికి గుచ్చుతయి. హేవలాకు ఇసుక పిండి లెక్కుంటది, ఇసుక సంగతి నన్నడుగు" అంది ఆమె.

"మరి సముద్రం? నీళ్లల్ల దిగినవా?" అని అడిగాను.

"యాడమ్మా. తట్ట మోస్తుంటె ఎప్పుడు మా వీపు దిక్కే ఉండె. సప్పుడు ఇంటుంటి."

నాకు మా ఊరి గట్టు గుర్తొచ్చింది. ఇంకో చెంబు నీళ్లిచ్చాను.

సాయంత్రం మా ఆయనకు చెప్పాను. ముందు నమ్మలేదు. "లేబరామెకు దీవుల సంగతి ఏం తెలుస్తది?" అన్నాడు. ట్రావెల్స్ ఆయనకు ఫోన్ చేశాడు. ఆయన కాసేపు తడబడి, "ఒక్కటే అయితె మంచిదే గద సార్, రెండుపార్లు చూసినట్లయితది" అన్నాడు. మా ఆయన మొహం మాడిపోయింది. మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చినట్టు, తప్పు రాసినందుకు కాదు ఆయన బాధ, ఇసుక జల్లెడపట్టే మనిషి నవ్వినందుకు. చార్టును గోడ మీంచి పీకి చుట్టచుట్టాడు.

"గీ సంవత్సరం వద్దు తియ్. మల్ల మొదటికెల్లి ప్లాన్ చెయ్యాలె. ఆదివారం బీచుపల్లి పోదాం, ఆంజనేయస్వామి దర్శనమూ అయితది, కృష్ణ గూడ కనిపిస్తది. నీళ్లకు నీళ్లే గద! దీవుల సంగతి..." అని కండువా దులిపి భుజాన వేసుకున్నాడు. "మీ నాయన అన్నట్టు, నీళ్లు దిగినంక చూద్దాం."

ఎన్నాళ్ల నుంచో లోపల కుతకుతలాడుతున్నది పొంగింది. "ఆ మాట నా ఇంట్ల అనకు! ఆ మాటకే నా చదువు పోయింది. ఆ మాటతోనే మా నాయన పోయిండు, మా అమ్మకు ఒక్క ఊరు చూపియ్యకుంట. ఎవలెవలినో అడిగినవు. మా అమ్మను ఒక్కపారి అడిగినవా?" అని అరిచాను. పక్కింటివాళ్లు కిటికీ తీసే దాకా అరిచాను.

అమ్మ గోడ పట్టుకుని నెమ్మదిగా వచ్చింది. అల్లుడు ఎటు నిలబడ్డాడో వెతుక్కోవడానికి తల పూర్తిగా తిప్పాల్సి వచ్చింది. మొహం దొరికాక అక్కడే చూపు నిలిపింది.

"అయ్యా, కృష్ణ నీళ్లంటె దిగుతయి. ఇవి దిగే నీళ్లు గావు. గడ్డ ఇంత ఉన్నప్పుడే పోదాం" అంది.

మా ఆయన కండువా తీసి కుర్చీ మీద పెట్టి కూర్చున్నాడు. కాసేపటికి చుట్టిన చార్టును విప్పి, తెల్లగా ఉన్న వెనకవైపు పైకి వచ్చేలా నా ముందు పరిచాడు. "చెప్పు. ఆ ఇసుకామె ఏం చెప్పిందో చెప్పు, రాస్త" అన్నాడు.

ఆరు రోజులు, మూడు దీవులు. మరుసటి వారమే బయలుదేరాం. ఇసుకామెకు ఏం తేవాలని అడిగితే ఏమీ వద్దంది. "ఆ బోర్డు ఇంక నిలవడి ఉన్నదా, ఒరిగిందా, సూసి రాండ్రి" అంది.

అమ్మ తన మూట తనే కట్టుకుంది. శంషాబాద్ విమానాశ్రయంలో విప్పితే అందులో ఉప్పు, కారం, జొన్నపిండి, పదకొండు అగ్గిపెట్టెలు. అగ్గిపెట్టెలు తీసేసిన ఉద్యోగితో అమ్మ కొట్లాటకు దిగింది. "గడ్డ మీద అగ్గి లేకపోతె ఎట్లనయ్యా? నీకేం ఎరుక?" ఎక్స్‌పర్టు మాట అతను కూడా వినలేదు. మా ఆయన మాత్రం ఆ మూటను తిరిగి కట్టి, విమానం దాకా తనే మోశాడు.

హేవ్‌లాక్‌లో పడవ దిగగానే బోర్డు వెతికాను. నిటారుగా ఉంది. ఫోటో తీసుకున్నాను.

తర్వాత అమ్మ చెయ్యి పట్టుకుని ఇసుకలో నడిపించాను. ఇసుక నిజంగానే పిండిలా ఉంది. మోకాళ్లకింది దాకా నీళ్లొచ్చాక అమ్మ ఆగింది. చూపులో పట్టేది ఇంతే కాబట్టి, సముద్రాన్ని ఒక్కసారిగా చూడలేకపోయింది. తలను ఎడమ చివర నుంచి మొదలుపెట్టి, ముక్క ముక్కగా, ఎక్కడా వదలకుండా కుడి చివర దాకా తిప్పింది. మళ్లీ కుడి నుంచి ఎడమకు వచ్చింది. ఏదో వెతుకుతోందని నాకు అర్థమైంది. నా చెయ్యి గట్టిగా బిగించింది.

"బిడ్డా, ఆవలి గట్టు కనిపిస్తలేదు" అంది. "అందరికా, నాకేనా?"

"అందరికేనమ్మా. నాకు గూడ కనిపిస్తలేదు. ఎవ్వరికి కనిపియ్యదు."

"అయితే మంచిదే" అని అమ్మ నా చెయ్యి వదిలి, ఇంకో రెండు అడుగులు ముందుకు వేసింది.